ఆ మాట అమ్మాయితోనే చెప్పండి

పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడుతుంటే చర్మవైద్యుల దగ్గరికి పెళ్ళికూతుళ్ళు వస్తుంటారు. పక్కన తల్లి, ఒక్కోసారి పిన్నో మేనత్తో ఉంటారు. "ఫోటోల టైముకి మొహం శుభ్రపడాలి డాక్టరుగారూ" అని అడుగుతారు. గడ్డలు కట్టి, ఏ పూతమందుకూ లొంగని మొటిమలైతే చాలాసార్లు డాక్టర్లు చివరికి రాసే మందు ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్. మంచి మందు. నేను వాడాను, నాకు మేలు చేసింది, ఎవరడిగినా ఆ మాటే చెబుతాను. అయితే ఆ మందుతో పాటు చెప్పి తీరాల్సిన సంగతి ఒకటుంది. అది ఒంట్లో ఉండగా కడుపు రాకూడదు. మన ఇళ్ళలో, మన క్లినిక్కుల్లో ఈ సంగతి తెలియాల్సిన మనిషికి తెలియడం లేదు.

మొటిమలంటే మనవాళ్ళకి అంత పట్టింపు ఉండదు. వయసులో అందరికీ వస్తాయి, పెళ్ళయితే అవే పోతాయి అంటారు. 2017లో 'ఫిదా' వచ్చినప్పుడు సాయిపల్లవి తన బుగ్గల మీది మొటిమల్ని దాచకుండా తెర మీద కనిపిస్తే ఎంతోమంది ఆడపిల్లలకి ధైర్యం వచ్చింది. నాకూ సంతోషం వేసింది. కానీ నాకు వచ్చినవి ఆ రకం కావు. చర్మం లోపల గట్టి గడ్డలు లేచేవి, దవడ పొడుగునా, మెడ మీద, వీపంతా. వాటికి మూతి ఉండదు, పండవు, వారాల తరబడి సలుపుతాయి. వెల్లకిలా పడుకుంటే వీపు, పక్కకి తిరిగితే చెంప నొప్పి. వీపు మీదివి చితికి జాకెట్టుకి నెత్తురు అంటేది, అందుకని లేత రంగులు కట్టడం మానేశాను. తగ్గిన చోటల్లా గుంట మిగిలేది. ఆ కొన్నేళ్ళు మా ఇంట్లో జరిగిన ఏ శుభకార్యం ఆల్బమ్ తీసినా నేను కనిపించను, కెమెరా పట్టుకున్న మనిషిని చూడగానే వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

పసుపు, చందనం, వేపాకు ముద్ద, ముల్తానీ మట్టి అన్నీ అయ్యాయి. వాటివల్ల పెద్ద నష్టం జరగలేదు. నష్టం చేసింది మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చిన ట్యూబు. రాసిన వారంలోనే ఎరుపు తగ్గి, రంగు తేలి, ముఖం నున్నగా అయింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆపగానే రెట్టింపు లేచాయి. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని తర్వాత ఎప్పుడో తెలిసింది. దాన్ని ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు బయటికి కనిపిస్తాయి, కొత్తగా మొటిమలు పుట్టుకొస్తాయి, మానేస్తే మంటెత్తి మళ్ళీ రాయాలనిపిస్తుంది. చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్రం ఈ పూతమందుల్ని చీటీ మీద మాత్రమే అమ్మాలని కట్టడి చేసింది. ఇప్పటికీ ఏ ఊళ్ళోనైనా అడగండి, ఇస్తారు. ఆ ట్యూబుకి భయపడనివాళ్ళే ఈ క్యాప్సూల్ పేరు చెబితే "అమ్మో, చాలా పవరు మందట" అంటారు. మన భయాలు ఉండాల్సిన చోట లేవని నా బాధ.

ఈ క్యాప్సూల్ విటమిన్ ఏ కుటుంబానికి చెందినది. చర్మంలో జిడ్డు ఊరే గ్రంథులు ఉంటాయి కదా, వాటిని కుదించేస్తుంది. జిడ్డు తగ్గితే రంధ్రాలు పూడిపోవడం తగ్గుతుంది, అక్కడ బతికే బాక్టీరియాకి తిండి తగ్గుతుంది, వాపు కూడా తగ్గుతుంది. మొటిమకి మూలమైన వాటన్నిటి మీదా పనిచేసే మందు వేరే లేదు. అమెరికాలో గ్యారీ పెక్ అనే వైద్యుడు, ఆయన బృందం 1979లో 14 మంది రోగుల సంగతి ప్రచురించారు. ఏ మందుకీ లొంగని వాళ్ళు, ఒళ్ళంతా గడ్డలతో ఉన్నవాళ్ళు. నాలుగు నెలల మందుతో వాళ్ళలో 13 మందికి పూర్తిగా తగ్గిపోయాయి. మందు ఆపాక కూడా తిరిగి రాలేదన్నది అసలు విశేషం. 1982లో అక్కడ ఆమోదం వచ్చింది.

మందు మొదలుపెట్టే ముందు పరగడుపున రక్తం ఇచ్చాను, కొవ్వులు, లివర్ చూడ్డానికి. కొందరికి ట్రైగ్లిజరైడ్లు బాగా పెరుగుతాయి కాబట్టి మధ్యలో మళ్ళీ చూస్తారు. మోతాదు మనిషి బరువుని బట్టి ఉంటుంది. పుస్తకాల్లో ఉన్న లెక్క రోజుకి కిలోకి అర మిల్లీగ్రాము నుంచి ఒకటి దాకా, కోర్సు మొత్తం మీద కిలోకి 120 నుంచి 150 మిల్లీగ్రాములు. యాభై కిలోల మనిషికి మొత్తం ఆరువేల పైమాటే. అందుకే నెలల తరబడి సాగుతుంది. మన దగ్గర తక్కువ మోతాదులో ఇంకా ఎక్కువ కాలం ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు.

మా ఇంట్లో వచ్చిన చిక్కు నెయ్యి దగ్గర. మొటిమలు వచ్చినప్పటి నుంచి అమ్మ నా కంచంలో నూనె, నెయ్యి, వేపుడు, పచ్చడి అన్నీ కట్టేసింది. చప్పిడి కూరా మజ్జిగ అన్నమూ తిని ఏళ్ళు గడిపాను. ఈ క్యాప్సూల్ కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. ఖాళీ కడుపున మింగితే ఒంట్లోకి చేరేది దాదాపు సగానికి పడిపోవచ్చు. మందు పనిచేయాలంటే పప్పన్నంలో నెయ్యి వేసుకోవాలని డాక్టరు చెబితే అమ్మ నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకుని, అప్పుడు నెయ్యి గిన్నె దించింది. నెయ్యి వాసనతో అన్నం తిన్న ఆ మధ్యాహ్నం నాకు మందుకంటే ముందే సగం నయమైనట్టు అనిపించింది.

మొదటి వారాల్లో ఎక్కువయ్యాయి. ఇది చాలామందికి జరుగుతుంది, ముందే తెలియకపోతే గుండె జారిపోతుంది. మా నాన్న స్ట్రిప్పు తీసి అవతల పారేయబోయారు. తర్వాత పెదవులు. ఈ మందు వేసుకుని పెదవులు పగలని మనుషులు అరుదు. మూలలు చీలి, నవ్వితే నెత్తురు వచ్చేది. పెట్రోలియం జెల్లీ డబ్బా దిండు పక్కన, బ్యాగులో, దేవుడి గది కిటికీలో ఉండేది. వేసవిలో ముక్కులోంచి రక్తం కారింది, అది వేడి చేసిందనుకుని నాయనమ్మ సబ్జా నీళ్ళు తాగించింది. నిజానికి ముక్కు లోపలి పొర ఎండిపోవడం వల్ల. కళ్ళు పొడిబారతాయి, లెన్సు పెట్టుకునేవాళ్ళు ఇబ్బంది పడతారు. నడుం పట్టేస్తుంది. ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది. వాక్సింగు చేయిస్తే పైపొర ఊడొస్తుంది. డాక్సీసైక్లిన్ జాతి మాత్రలు, విటమిన్ ఏ మాత్రలు దీనితో కలపకూడదు. ఈ ఇబ్బందులన్నీ ఓర్చుకోదగ్గవే. కొన్ని నెలలకి చెయ్యి చెంప మీద పెట్టుకుంటే గడ్డ తగల్లేదు. పాత గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటిని ఈ మందు పూడ్చదు.

మనసు సంగతి దాటవేయలేను. ఈ మందు కుంగుబాటు తెస్తుందా అన్న వాదన పాతది. అమెరికా కాంగ్రెస్ సభ్యుడు బార్ట్ స్టుపాక్ 2000లో కొడుకుని పోగొట్టుకున్నాక ఈ మందునే తప్పుపట్టి ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాల్లో, మొత్తంగా చూస్తే ఆత్మహత్యల ముప్పు పెరిగినట్టు తేలలేదు. అయినా బ్రిటన్ 2023లో నియమాలు బిగించింది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి మొదలుపెట్టాలంటే ఇద్దరు వైద్య నిపుణులు ఒప్పుకోవాలని అప్పుడు నియమం పెట్టింది. నాకు తెలిసింది ఒకటే. ముఖం అలా ఉన్నప్పుడే నేను కుంగిపోయి ఉన్నాను, తగ్గాక తేలికపడ్డాను. ఇంకొకరికి అలా కాకపోవచ్చు. అందుకే మందు వేసుకుంటున్న పిల్ల తిండి మానేసినా, నిద్ర మానేసినా, మాట తగ్గించినా ఇంట్లోవాళ్ళు పట్టించుకోవాలి, వెంటనే డాక్టరుకి చెప్పాలి.

ఇక అసలు సంగతికి వస్తాను.

కడుపులో బిడ్డ ఉండగా ఈ మందు తల్లి ఒంట్లో ఉంటే గర్భం పోవచ్చు. నిలిచి పుట్టిన పిల్లల్లో 20 నుంచి 35 శాతం మందికి పెద్ద లోపాలు ఉంటాయని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. చెవులు ఏర్పడకపోవడం, గుండెలో లోపాలు, మెదడు సరిగా ఎదగకపోవడం. ఒకటి రెండు మాత్రలే కదా అని చెప్పుకోవడానికి లేదు, ఇంత వరకు పరవాలేదనే మోతాదు ఏదీ తేల్చలేదు. గర్భిణులు వాడకూడదని అమెరికాలో 1982లోనే తెలుసు, అట్టల మీద రాశారు కూడా. మరుసటి ఏడాదికే లోపాలతో పుట్టిన పిల్లల వార్తలు మొదలయ్యాయి. 1988లో హెచ్చరిక బొమ్మలు పెట్టారు. అదీ చాలక 2006లో ఐప్లెడ్జ్ అనే నమోదు పద్ధతి తెచ్చారు. అక్కడ గర్భం వచ్చే అవకాశం ఉన్న ఆడమనిషికి ఈ మందు ఇవ్వాలంటే ముందు రెండు పరీక్షల్లో గర్భం లేదని తేలాలి, ఆపైన నెలనెలా పరీక్ష ఉండాలి, ఒక్కసారికి నెలకి మించి మాత్రలు ఇవ్వరు. అంత చేసినా గర్భాలు పూర్తిగా ఆగలేదు. మన దగ్గర అలాంటి నమోదే లేదు. ఉన్నదల్లా డాక్టరు నోటి మాట, స్ట్రిప్పు వెనక ఇంగ్లీషులో చిన్న అక్షరాలు.

ఆ నోటి మాట నా వరకు ఎలా వచ్చిందో చెబుతాను. నేను చూపించుకున్న డాక్టరు మా అమ్మ వైపు తిరిగి "కోర్సు అయ్యాకే పెళ్ళి పెట్టుకోండమ్మా" అన్నారు, అంతే. నన్ను చూడలేదు, ఎందుకో చెప్పలేదు. అమ్మకి అర్థమైంది ఏమిటంటే, ఈ మందు వాడితే పిల్లలు పుట్టరని. అప్పటికి సంబంధాలు చూస్తున్నారు. బయటికి పొక్కితే ఎవరూ చేసుకోరన్న భయంతో డబ్బాని బియ్యం డ్రమ్ము వెనక దాచింది. నేను అట్టలో మడిచి ఉన్న కాగితం విప్పి చదివి, "పిల్లలు పుట్టకపోవడం కాదమ్మా, వాడుతుండగా కడుపు వస్తే బిడ్డకి ప్రమాదం" అన్నాను. "పెళ్ళికాని పిల్లవి, ఆ మాటలు నీకెందుకే" అని నోరు మూయించింది. తల్లిగా ఆమె సిగ్గు నాకు అర్థమవుతుంది. వైద్యుడికి ఆ సిగ్గు ఉండకూడదు.

ఈ రెండు సంగతులూ వేరువేరు. పిల్లలు పుట్టరన్నది అబద్ధం. మందు ఆపిన నెలకి అది ఒంట్లో మిగలదు, ఆ తర్వాత వచ్చే గర్భానికి దానివల్ల ఇబ్బంది లేదు. నాకు ఇద్దరు పిల్లలు. వాడుతుండగా, ఆపిన నెలలోపు గర్భం రాకూడదన్నది మాత్రం నిజం. మన ఇళ్ళలో అబద్ధం గుసగుసగా తిరుగుతోంది, నిజం ఎవరి చెవినా పడడం లేదు. పెళ్ళి కోసమే మొదలుపెట్టిన కోర్సు పెళ్ళినాటికి పూర్తికాకపోతే, అత్తవారింట్లో విశేషం ఎప్పుడని అడగడం మొదలయ్యేసరికి అమ్మాయి ఇంకా మాత్ర మింగుతూనే ఉంటుంది. ఎవరికి చెప్పుకుంటుంది?

పెళ్ళికాని అమ్మాయికి ఈ హెచ్చరిక అక్కర్లేదనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని బతుకుతున్నారు. హైదరాబాదు హాస్టళ్ళలో ఒకరి స్ట్రిప్పు ఇంకొకరు పంచుకుంటున్నారు. అమెరికాలో చదివే పిల్లలకి అమ్మానాన్నలు పచ్చళ్ళతో పాటు ఈ డబ్బాలు సర్ది పంపడం నేను చూశాను. అక్కడి నెలనెలా పరీక్షలు, అడిగే డాక్టరు ఏవీ లేకుండా ఆ పిల్లలు మింగేస్తారు. రక్తదానం చేయకూడదని కూడా తెలియదు. ఆపాక నెల దాకా ఇవ్వకూడదు, ఆ రక్తం ఒక గర్భిణికి ఎక్కించవచ్చు కాబట్టి.

డాక్టర్లని నేను కోరేది పెద్దదేం కాదు. తల్లిని అయిదు నిమిషాలు బయట కూర్చోమనండి. అమ్మాయి కళ్ళలోకి చూసి ఆమెతోనే తెలుగులో చెప్పండి. గర్భం రాకుండా ఏం చేయాలో, వస్తే దాచకుండా మందు ఆపి వెంటనే ఎవరి దగ్గరికి రావాలో చెప్పండి. మొదలుపెట్టే ముందు పరీక్ష చేయించండి, అనుమానంతో కాదు, ఇది అందరికీ చేసేదేనని చెప్పి చేయించండి. ఒక తెలుగు కాగితం అచ్చేసి చేతిలో పెట్టండి. చీటీ లేకుండా అమ్మే షాపుల మీద కన్ను వేయాల్సింది ఔషధ నియంత్రణ శాఖ.

మా ఆడపడుచు కూతురికి ఈ మధ్యే పెళ్ళి కుదిరింది, మందు మీద ఉంది. "అక్కడివాళ్ళు అడిగితే ఏం చెప్పను అత్తయ్యా" అంది. అత్తగారికి ఇప్పుడే చెప్పాల్సిన పనిలేదు, చేసుకోబోయేవాడికి మాత్రం మందు పేరుతో సహా చెప్పాలన్నాను. చెప్పింది. వచ్చే నెల డాక్టరు దగ్గరికి తనూ వస్తానన్నాడట. చివరి క్యాప్సూల్ వేసుకున్న తేదీని క్యాలెండర్ మీద ఇద్దరూ రాసుకోమన్నాను, నెల లెక్క ఆ రోజు నుంచి.