బడి గేటు కాడ ఆగిపోవద్దు

వేంపల్లె పక్కనే ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తారు. ఆ పదో తరగతి దాకా మన ఎరుకల, యానాది, సుగాలి బిడ్డలు ఎంతమంది నిలబడుతున్నారు?

వెనక బెంచీలో నోరు మెదపని బిడ్డను చూసి "వీళ్లకు చదువు మీద ధ్యాస లేదు" అంటారు. ఆ బిడ్డ భయం ఇంటి నుంచే వచ్చింది. తెల్లోళ్ల కాలంలో నేరస్థ తెగల చట్టం ఎరుకలోళ్లకు పుట్టుకతోనే దొంగల ముద్ర వేసింది. 1952లో చట్టం పోయింది, ఆ చూపు పోలేదు. అందుకే అమ్మానాయన ఇప్పటికీ సారుతో మాట్లాడాలంటే జంకుతారు.

కానీ 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి. వెనకబడినోళ్లకు అందులో వాటా ఉండాలి. "ఈ పొద్దు బడిలో ఏం చెప్పినారు?" అని బిడ్డను అడగడానికి అమ్మకు అక్షరాలు రానక్కర్లేదు.

చదువుకున్న మీరు ఒక్క పని చేయండి. ఈసారి బడి మీటింగుకు మీ వీధిలో ఒక తల్లిని వెంటబెట్టుకుని పోండి. సారు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టండి. అమ్మ కూర్చోవడం చూసిన బిడ్డకు క్లాసులో చెయ్యెత్తే ధైర్యం వస్తాది.