కోతి రిజ్ఖ్ కారు కిటికీలోంచి రాదు



ఇత్వార్ వచ్చిందంటే మా బహదూర్‌పల్లి నుంచి గండిమైసమ్మ మీదుగా నర్సాపూర్ అడవి దాకా కార్లే కార్లు. రోడ్డు పక్కన కోతులు కనబడగానే బండి ఆపి, పిల్లల చేత అరటిపండ్లు, రొట్టెలు వేయిస్తారు. "సదఖా బేటా, సవాబ్ వస్తుంది" అంటారు. నియ్యత్ మంచిదే. పని మాత్రం జుల్మ్ అంటాను నేను.

కోతి అడవికి మాలీ లాంటిది. నేరేడు లాంటి పండ్లు దవడ సంచుల్లో నింపుకుని, దూరంగా పోయి గింజలు ఉమ్మేస్తుంది. అక్కడ మొక్క లేస్తుంది. రోడ్డు మీదే రొట్టె దొరికితే అది చెట్టెందుకు ఎక్కుతుంది? లారీ కింద పడుతుంది, పిల్లల చేతిలో కవర్ గుంజుకుంటుంది, కరుస్తుంది. సులువైన తిండితో సంతానమూ పెరుగుతుంది. ఆ మంద చేలమీద పడితే నష్టం గరీబ్ రైతుకే.

ఇంకో సంగతి. నెత్తిన టోపీలా వెంట్రుకలు, పొడుగు తోక ఉన్న కోతి మన దక్షిణాదిలో తప్ప దునియాలో ఇంకెక్కడా లేదు. ఉత్తరాది పొట్టి తోక కోతి కిందికి దిగుతూ దాని జాగా ఆక్రమిస్తోంది. ఐయూసీఎన్ దాన్ని ముప్పులో ఉన్న ప్రాణుల్లో చేర్చింది. ఒక బస్తీలో కోతుల్ని పట్టి ఇంకో ఊరి దగ్గర వదిలితే ముసీబత్ ఊరు మారుతుంది, అంతే. 2020లో నిర్మల్‌లో హుకూమత్ కోతుల కేంద్రం తెరిచింది. అక్కడ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి అడవిలో వదులుతారు. రాష్ట్రమంతటికీ అదొక్కటే ఎలా సరిపోతుంది?

"దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాపినవాడికి మగ్ఫిరత్ దొరికింది కదా?" అని అడుగుతారు. నిజమే. ఆ కుక్క ప్రాణం పోయే స్థితిలో ఉంది. చెట్లున్న అడవి పక్కన కూర్చున్న కోతి సంగతి అది కాదు.

మొక్క నాటితే దాని నుంచి మనిషి, పిట్ట, జంతువు ఏది తిన్నా సదఖాయే అని రసూలుల్లాహ్ (స) నేర్పారు. కాబట్టి వానాకాలంలో అటవీశాఖవాళ్లను అడిగి, ఇళ్లకు దూరంగా, అడవి అంచున మేడి, నేరేడు నాటుదాం. షాదీఖానాల వెనక మిగిలిన బిర్యానీ పారేయడం మానుదాం. జంతువులూ మనలాంటి ఉమ్మతులే అంటుంది ఖురాన్. ఉమ్మత్‌కు హఖ్ ఉంటుంది. కోతి హఖ్ దాని చెట్టు. మనం విసిరే భీక్ కాదు.