గురి తప్పిన పరిహాసము

అధికారమందున్నవారిని, అధికారమును కోరువారిని నవ్వులపాలు చేయుట ప్రజలకు గల హక్కు. 1948లో 'శంకర్స్ వీక్లీ' వెలువడినపుడు తన్నును విడువవలదని పండిత నెహ్రూయే చెప్పెను. 1975లో అత్యవసర పరిస్థితి కాలమున ఆ పత్రిక మూతపడెను. ఆ హక్కులో రవ్వంతయు తగ్గింపవలెనని మా అభిప్రాయము కాదు. కాని నవ్వు గురి తప్పినచో లాభపడునది నాయకుడే. 1999లో జరిగిన బళ్లారి లోక్‌సభ ఎన్నిక ఇందుకు నిదర్శనము.

ఆ యేడు శ్రీమతి సోనియాగాంధి నాయకత్వమున కాంగ్రెసునకు దేశమంతట దక్కినవి 114 స్థానములే. రాజధాని గోష్ఠులలో ఆమెపై పరిహాసములకు కొదువ లేకుండెను. అవి చాలవరకు రెంటినే పట్టుకొనినవి: ఆమె ఇటలీలో పుట్టుట, హిందీ పలుకుటలో తడబడుట. ప్రత్యర్థియగు శ్రీమతి సుష్మాస్వరాజ్ కన్నడములో ప్రసంగించి, పోటీని పరదేశపు కోడలికిని స్వదేశపు కూతురికిని నడుమ పోరుగా చూపిరి.

ఈ విసురు బళ్లారిలో ఎంత పారగలదు? 1953లో ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకును, బళ్లారి మైసూరునకును పోయినపుడు సరిహద్దును పటముమీద గీసిరే కాని ఇండ్ల నడుమ గీయలేకపోయిరి. ఇంట తెనుగు, కచేరిలో కన్నడము పలుకువారికి పరభాషలో తడబడుట వింత కాదు. హాస్యమెరుగని ఊరా యన్న, ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదిని యను పేరనే నాటకసభను నెలకొల్పిన ఊరది! అంబాలా నుండి వచ్చిన కూతురును వారికి క్రొత్త చుట్టమే గదా. శ్రీమతి గాంధి సుమారు 56 వేల ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. 1952 నుండియు కాంగ్రెసునే గెలిపించుచు వచ్చిన స్థానమగుటచే ఈ గెలుపును ఒక్క కారణమునకే అంటగట్టజాలము. ఆ పరిహాసములు ఆమెను ఓడింపజాలలేదనుట మాత్రము స్పష్టము.

నవ్వదగినది వేరొకటి యుండెను. ఆగస్టు 18న నామపత్రము వేయువరకు కడపయా, బళ్లారియా యని లోకమును ఊహించుకొననిచ్చిరి. గెలిచిన పిమ్మట అమేథీని ఉంచుకొని బళ్లారిని విడిచిరి. 2000లో ఉపఎన్నికకై ఓటరు మరల వరుసలో నిలువవలసి వచ్చెను. ఓడినవారు వరమహాలక్ష్మీ వ్రతమునకు పెక్కేండ్లు బళ్లారికి వచ్చుచుండిరి. గెలిచినవారు రాజీనామా పంపిరి. ఇంతటి సరకు ఇంటి ముంగిటనే యుండగా, పరిహాసకులు ఇటలీవరకు పోవలసిన పనియేమి?