పాల లెక్క పక్కనే ఇంకో లెక్క

"ఎన్నిసార్లు అయ్యాయమ్మా? ఆఖరిసారి ఉచ్చ ఎప్పుడు పోశాడు?" అని డాక్టరుగారు అడిగితే నా నోట మాట రాలేదు. మావాడికప్పుడు తొమ్మిదో నెల. రెండు రోజులుగా వాంతులు, నీళ్ళ విరేచనాలు. "పళ్ళొచ్చేటప్పుడు మామూలే, పైగా నువ్వు తిన్న మామిడిపండు పాలల్లో వేడి చేసుంటుంది" అన్నారు అత్తయ్యగారు. తప్పు నాదేనేమోనని నేనూ నోరు మూసుకున్నాను. మూడో రోజుకి వాడి కళ్ళు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. సెలైన్ ఎక్కించాక గానీ తేరుకోలేదు.

నా దగ్గరే కాదు, దేశం దగ్గరా చాలాకాలం సరైన లెక్క లేదట. రోటావైరస్‌ని 1973లోనే ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం కనిపెట్టింది. మన ఐసీఎంఆర్ 2005లో కొన్ని ఆసుపత్రుల్లో వరసగా లెక్క మొదలుపెట్టింది. విరేచనాలతో చేరిన ఐదేళ్ళలోపు పిల్లల మలం పరీక్షిస్తే, పదిమందిలో సుమారు నలుగురికి ఈ వైరసే! పళ్ళూ కాదు, దిష్టీ కాదు, తల్లి తిన్న మామిడిపండూ కాదు. ఎంత శుభ్రంగా ఉన్న ఇంటికైనా వస్తుంది.

అలాంటి లెక్కలు చేతిలో ఉండబట్టే టీకా ఎంత అవసరమో తేలింది. 2016లో ప్రభుత్వం ఉచితంగా చుక్కలు మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వేసిన టీకా మన హైదరాబాద్‌లో తయారైనదే. ఇప్పుడు దేశమంతటా 6, 10, 14 వారాలకి వేస్తున్నారు.

కానీ ఆ లెక్క ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో దిష్టి తీసి పడుకోబెట్టిన బిడ్డ అందులోకి రాదు. తననే అంటారని నోరు విప్పని తల్లి బిడ్డ అసలే రాదు. అందుకే నా మాట ఒకటే: దాచకండి. ఓఆర్ఎస్ పట్టించండి, పాలు మానిపించకండి, ఆశా కార్యకర్తకి చెప్పండి. చుక్కలు వేయించినా వేరే వైరస్‌లున్నాయి కాబట్టి ఏమరుపాటు వద్దు. ఉచ్చ తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా ఇంకో పూట చూద్దామనుకోకండి.

పాలప్యాకెట్ల లెక్క క్యాలెండర్ మీద రోజూ తప్పకుండా రాస్తాం కదా. బిడ్డకి బాగోలేనప్పుడు ఆ పక్కనే ఎన్ని విరేచనాలు, ఎన్నిసార్లు ఉచ్చ అని గీతలు పెట్టండి. ఆ రోజు డాక్టరుగారి ముందు నా దగ్గర లేనివి ఆ నాలుగు గీతలే.