తవుడు నుంచి తవిటయ్య

నా పేరు తవుడు. నవ్వితే నవ్వండి, నాకు కొత్త కాదు. పశువుల కుడితిలో కలిపే తవుడే.

మా అమ్మకి నాకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారు. మా టెక్కలి వైపు అలాంటి తల్లులకి ఒక ఆనవాయితీ ఉంది. పుట్టిన గుంటణ్ణి చేటలో పడుకోబెట్టి పక్కింటామెకి ఇచ్చేస్తారు. చేటెడు తవుడు కొలిచిపోసి ఆమె దగ్గర్నుంచి మళ్లీ కొనుక్కుంటారు. "ఈడు నా కడుపున పుట్టినోడు కాదు, తవుడికి కొనుక్కున్నోడు" అని చావుని మాయచెయ్యడమన్నమాట. కొందరు పెంట మీద దొర్లించి పెంటయ్య అంటారు. మా అమ్మ తవుడు పోసింది. ఆ తవుడైనా నాయుడుగారింట్లో వడ్లు దంచినందుకు వచ్చిందే. చావు మోసపోయింది. కులం మోసపోలేదు.

ఎందుకంటే ఈ ఆనవాయితీ మా మాలవీధిలోనే లేదు, నాయుళ్ల వీధిలోనూ ఉంది. అక్కడి తల్లులూ ఏడ్చారు, అక్కడా తవుడు కొలిచారు. కానీ అక్కడ ఆ పిల్లాడు తవిటినాయుడు అవుతాడు. (రికార్డుల్లో వాళ్లలో చాలామంది బీసీలే. మాకు మాత్రం బాబులే.) చేటొకటే, తవుడొకటే, తల్లి గుండెకోత ఒకటే. వాళ్ల తవుడికి నాయుడు తోడయ్యాడు. మా తవుడు తవుడుగానే మిగిలిపోయింది.

మా అమ్మ నన్ను బడిలో వేసినప్పుడు తవిటయ్య అనే చెప్పింది. మాస్టారు కలం ఆపి, "మీకెందుకే అయ్యలూ?" అన్నాడట. తవుడు అని రాసుకున్నాడు. తండ్రి పేరు ఎర్రయ్య అంటే ఎర్రడు అని రాశాడు. ఆ రోజు ఆ కలం గీసిన గీత నా పదో తరగతి మార్కుల జాబితా దాకా, ఓటరు కార్డు దాకా, రేషన్ కార్డు దాకా పాకింది.

ఆ మాస్టారు మనుస్మృతి చదివి ఉంటాడనుకోను. చదవనక్కర్లేదు కూడా. అందులో రెండో అధ్యాయం 31వ శ్లోకం బ్రాహ్మడి పేరు మంగళంగా, క్షత్రియుడి పేరు బలంగా, వైశ్యుడి పేరు ధనంతో, శూద్రుడి పేరు నీచంగా ఉండాలంటుంది. అవర్ణుల సంగతి ఆ శ్లోకానికి పట్టనే లేదు. ఆ పుస్తకాన్ని 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ తగలబెట్టించాడు. పుస్తకం కాలింది గానీ ఊళ్లో బడి రిజిస్టరు కాలలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడగొట్టిపోయాక, సాయం అందేవాళ్ల పేర్ల జాబితా గోడకి అంటించారు. నేను నిలబడి ఆ పేర్లే చదివాను. చివరి అక్షరాలు చూస్తే చాలు, ఏ ఇల్లు ఏ వీధిలోదో చెప్పెయ్యొచ్చు. నాయుడు, రావు, రావు, నాయుడు. ఆ తర్వాత రాముడు, అప్పడు, ఎర్రడు. తుపాను అందరి చెట్లనీ ఒకలాగే కూల్చింది. జాబితా మాత్రం ఊరి వీధుల ప్రకారమే నడిచింది. ఆ గోడ దగ్గరే అనుకున్నాను, పేరు మార్చుకోవాలని.

స్టాంపు కాయితం మీద అఫిడవిట్, నోటరీ సంతకం, పేపర్లో ప్రకటన, గెజిట్. దరఖాస్తులు రాసిపెట్టే ఆయన దగ్గరికి పోయాను. "ఏ పేరు పెట్టమంటావు?" అన్నాడు. తవిటయ్య అన్నాను. కళ్లజోడు పైకెత్తి చూశాడు. "ఎలాగూ మార్చుకుంటున్నావు కదా, రవికుమారో సాయికిరణో పెట్టుకోకూడదా? ఖర్చొకటే కదా!"

ఆయనొక్కడే కాదు, మావాళ్లూ అదే మాట. నా పేరులో మా అమ్మ కొలిచిన తవుడుంది. దాన్నెందుకు పారబోస్తాను? నాకు కావలసింది సంస్కృతం కాదు. మాస్టారు కోసేసిన 'అయ్య'.

సంఘంలో ఇంకో రకం వాళ్లున్నారు. "పేరు మారితే కులం పోతుందా?" అని దబాయిస్తారు. పోతుందని నేనెప్పుడన్నాను? పేర్ల కోసం కొట్లాడడం పనిలేనోళ్ల పనయితే, మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ ఎందుకయ్యాడు? 1917లో బెజవాడలో పంచమ సభ అని పిలిచిన సభ ఆయన అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ ఎందుకయింది? పంచమ, పరయ మాటలు వద్దని 1922లో మద్రాసు శాసనమండలి దాకా ఎందుకు పోవలసొచ్చింది? అప్పుడు మా టెక్కలి ఆ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనే ఉంది. అయితే ఒక్కమాట. రెడ్డినీ వర్మనీ తన పేరుతో మోయడం ఆ కాలానికి ఆయన తెగువ. నాకు వాళ్ల తోకలు అక్కర్లేదు.

మా చిన్నాన్న సంగతి మరోరకం. చర్చిలో మోషే, కాయితాల్లో పోలయ్య. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ తలుపు తీశారు. క్రైస్తవుడికి ఇప్పటికీ తియ్యలేదు. అందుకని మోషే ఆఫీసు గడప బయట చెప్పులతోపాటు ఆగిపోతాడు. పోలయ్య లోపలికెళ్తాడు.

ఢిల్లీలో ఇద్దరన్నదమ్ముల కేసు చూడండి. కులం వల్ల పడిన బాధలు చాలని వాళ్ల తండ్రి 'మోచీ' అనే ఇంటిపేరుని 'నాయక్' అని మార్చుకున్నాడు. గెజిట్‌లో వచ్చింది. పిల్లల సర్టిఫికెట్లలో తండ్రి పేరు సరిచెయ్యమంటే సీబీఎస్ఈ కుదరదంది. ఇంటిపేరు మారితే కులం మారిపోతుందట, దుర్వినియోగం చేస్తారట! చెప్పులు కుట్టే పని పేరు మెడలో వేలాడుతుంటే దుర్వినియోగం కాదు, తీసేస్తే దుర్వినియోగం. 2023లో హైకోర్టు ఆ మాట కొట్టేసింది. చిన్నచూపుకి కారణమయ్యే కులంతో ముడిపడని గుర్తింపు మనిషి హక్కు అంది. మారిన ఇంటిపేరుతో వేరే కులం లాభాలేవీ రావని కూడా చెప్పింది. రావని మాకు తెలీదా?

మళ్లీ నా కాయితం దగ్గరికొస్తాను. ఆయనిచ్చిన నమూనాలో 'కారణం' అని ఒక్క గీత ఉంది. నేను రాశాను: "నా తల్లి తవిటయ్య అని చెప్పగా, మాలవాణ్ణని బడిలో తవుడు అని రాసినందున." గీత చాల్లేదు, మార్జిన్‌లోకి పోయింది. ఆయన చదివి కాయితం వెనక్కి తోశాడు. "ఇలాంటివి రాస్తే లేనిపోని గొడవ. న్యూమరాలజీ అని రాయి. అందరూ అదే రాస్తారు, ఎవడూ అడగడు."

అంకెలు కలిసిరాలేదంటే కారణమట. కులం వల్ల అవమానం జరిగిందంటే గొడవట.

మార్చలేదు. కొత్త స్టాంపు కాయితం కొని అవే మాటలు మళ్లీ రాసిచ్చాను, ఈసారి చిన్న అక్షరాలతో. ఇంకా తిరుగుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "గెజిట్టో గాడిదగుడ్డో, నాను మాత్రం తవుడనే పిలుస్తాను, తవుడు పోసింది నాను కదేటి?" అంది. పిలవనీ. ఆమె పిలవొచ్చు.