నాన్నకు కాస్త తీరిక



ఈ పేజీలో ఎప్పుడూ అమ్మ గురించి, పిల్లల చదువుల గురించి, అత్తాకోడళ్ళ సఖ్యత గురించి రాస్తుంటాము. నాన్న మాట వచ్చినప్పుడు మాత్రం ఆయన బాధ్యతలు ఏకరువు పెట్టి ఊరుకుంటాము. సంపాదించాలి, బిడ్డల్ని దిద్దాలి, కుటుంబ ప్రార్థన నడిపించాలి, పెండ్లిళ్ళు చేయాలి. ఇవన్నీ నిజమే. కాని పొద్దుగూకిన తరువాత ఆ మనిషి ఎక్కడ కూర్చుంటాడు? ఎవరితో నవ్వుతాడు? ఈ నెల ఆ సంగతి మాట్లాడుకుందాము.

దాచేపల్లి ప్రాంతాన్నే చూడండి. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్ళు వదిలారు. అంతకు ముందు పల్నాడు మెట్ట నేల. జొన్న, సజ్జ, కంది వేసుకుని, పంట ఇంటికి చేరిన తరువాత నెలల తరబడి వానకోసం ఎదురు చూసేవారు. ఆకలి ఉండేది, కాని తీరిక కూడా ఉండేది. నీళ్ళు వచ్చాయి, పత్తి వచ్చింది, మిరప వచ్చింది, తీరిక పోయింది. జూన్, జులైలలో పత్తి విత్తనం. వెంటనే మిరప నారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నాట్లు. ఆ తరువాత కలుపులు, మందు కొట్టడాలు. పత్తి తీతలు అయ్యీ కాకముందే మిరప కోతలు. కోసిన కాయ కల్లంలో ఎండాలి, తాలు ఏరాలి, బస్తాలు కుట్టి గుంటూరు యార్డుకు తోలాలి. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే రోజుల దాకా రైతుకు ఊపిరి ఆడదు. తీరా తీరిక దొరికే మే నెలలో రెంటచింతల వైపు నుంచి కొట్టే ఎండకు ఇల్లు దాటి అడుగు పెట్టలేడు.

అందుకే మన నాన్నల విశ్రాంతి అంతా సాయంత్రాల్లోనే ఉంది. చీకటి పడ్డాక ఒక గంట, గంటన్నర. ఆ గంట ఎటు పోతుందన్నదాని మీద ఇంటి క్షేమం చాలా ఆధారపడి ఉంటుంది.

ఇది చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే ఒక మాట జ్ఞాపకం చేస్తాను. 1987-88లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తుడిచిపెట్టుకుపోయింది. అప్పులు తీర్చే దారి కానరాక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో మిరపకు నల్ల తామర పురుగు పట్టి పూత పూతగానే రాలిపోయింది. కౌలుకు చేసినవాడి పరిస్థితి మరీ అన్యాయం. పంట పోయినా కౌలు కట్టాలి. ఇటువంటి సంవత్సరాల్లో మగవాడు ఇంట్లో నోరు విప్పడు. భార్యకు చెబితే దిగులు పడుతుందని ఒక సాకు, పిల్లలకు తెలిస్తే పరువు పోతుందని మరొక సాకు. వేపచెట్టు కింద పదిమందిలో కూర్చున్నప్పుడు మాత్రం ఆట మధ్యలోనో, చుట్ట వెలిగించుకుంటూనో, “ఈ యేడు మునిగినట్టే లేరా అబ్బాయ్” అని ఒక ముక్క బయట పడుతుంది. “నువ్వొక్కడివేనా మామా, మేమూ మునిగాం” అని అవతలివాడు అంటాడు. అప్పు తీరదు. కాని మనసులో బరువు కొంత దిగుతుంది. మనిషి పదిమందిలోకి రావడం మానేశాడంటే ఇరుగుపొరుగు గమనించాలి. సంఘ పెద్దలు గమనించాలి. ఆయన ఆదివారం గుడికి రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాము గదా. సాయంత్రం చెట్టు కిందికి రాకపోయినా అడగవలసిందే.

మన పెద్దల్లో చాలామందికి ఊరి రచ్చబండ మీద కూర్చునే హక్కు ఉండేది కాదు. ఈ సంగతి దాచుకోవలసిన పని లేదు. పల్లెలో వాళ్ళకు వాళ్ళ వేపచెట్టు ఉండేది, గుడి వసారా ఉండేది. అక్కడ బండ మీద గీసుకున్న పులి-మేక పటం ఉండేది. ఈ ఆట గురించి కాస్త వివరంగా రాస్తాను. ఈనాటి పిల్లలకు దీని పేరు తప్ప ఆడే తీరు తెలియదు.

పైన ఒక చుక్క. దాని నుంచి నాలుగు గీతలు విచ్చుకుంటూ కిందికి దిగి, అడుగున ఒక గీతలో కలుస్తాయి. మధ్యలో మూడు అడ్డగీతలు వాటిని కోసుకుంటూ రెండు వైపులా బయటికి సాగుతాయి. ఆ అడ్డగీతల కొసలను రెండు నిలువు గీతలు కలుపుతాయి. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. మేకలవాడు ఒక్కొక్క మేకనే దింపాలి. పదిహేనూ దింపేదాకా దింపిన మేకను కదపకూడదు. పులి మాత్రం మొదటినుంచీ తిరగవచ్చు. మేకకు అవతలి చోటు ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకి చంపుతుంది. మేకలకు చంపే శక్తి లేదు. పులులను కదలకుండా కట్టివేయడమే వాటి గెలుపు.

చూడబోతే పులికే బలం. అయినా ఆట తెలిసినవాడు మేకలనే కోరుకుంటాడు. అంచులు పట్టుకుని, ఒక మేక వెనుక మరొక మేకను నిలబెట్టి, వెనుక చోటు ఖాళీ లేకుండా చూసుకుంటూ నెమ్మదిగా ముందుకు నడుస్తాడు. తొందరపడినవాడు నాలుగు మేకలు పోగొట్టుకుని లేస్తాడు. నాకు తెలిసిన ఆటల్లో మెట్ట రైతు స్వభావానికి ఇంత దగ్గరగా ఉన్నది మరొకటి లేదు. పైసా ఖర్చు లేదు. పందెం కాయవలసిన పని లేదు. చుట్టూ నిలబడి సలహాలు చెప్పేవాళ్ళకు ఆడేవాళ్ళ కంటే ఎక్కువ సంతోషం. తొమ్మిదేసి కాయలతో ఆడే దాడి ఆట కూడా ఇటువంటిదే, కాని గుంపును అంతగా పోగు చేయదు.

పాటకూ పద్యానికీ కూడా మన ప్రాంతపు నాన్నలు చెవి కోసుకునేవారు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు 'పల్నాటి యుద్ధం' బుర్రకథ చెబుతున్నారంటే పక్క ఊళ్ళనుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో కన్నుమూశారు. ఆ వరుసలోనే మన గుళ్ళలో క్రిస్మస్ రాత్రులు సువార్త బుర్రకథలు చెప్పించుకున్నాము. ఇక హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటిసీను వచ్చేదాకా ఎవరూ లేచేవారు కారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిసీనులో నటులు రాగం తీసే శ్మశాన పద్యాలు మాత్రం గుర్రం జాషువ గారివి. ఆయన 1895లో మన వినుకొండలో పుట్టారు. 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. ఊరి మధ్య కూర్చోనివ్వని మనుషుల బిడ్డ రాసిన పద్యాన్ని ఊరంతా తెల్లవార్లూ విన్నది. అక్షరం రాని అరక దున్నేవాడు కూడా మరునాడు సాలు వెంట ఆ పద్యం ఎత్తుకునేవాడు. ఎవరు రాశారో చాలామందికి తెలియకపోవచ్చు. తెలిసిన నాన్నలు కొడుకులకు చెప్పుకున్నారు.

తరువాత రేడియో వచ్చింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. రైతుల కార్యక్రమం, నాటకాలు, సంక్షిప్త శబ్దచిత్రాలు వినడానికి ఒక ఇంటి అరుగు మీద పదిళ్ళ వాళ్ళు చేరేవారు. మిరపకల్లం కాపలా రాత్రుల్లో ట్రాన్సిస్టరు తలాపున పెట్టుకుని పడుకోవడం కష్టమో సుఖమో చెప్పడం కష్టమే! పక్క కల్లాల కాపలాదార్లు నలుగురు ఒక చోటికి చేరి చెప్పుకునే కథలు వినాలని మగపిల్లలు దుప్పటి చంకన పెట్టుకుని వెంటపడేవారు.

చేతులు ఊరుకోని నాన్నలు కొందరుంటారు. వాళ్ళకు కూర్చోవడమే శిక్ష. పురి పేనుతూ, నులక మంచం అల్లుతూ ఉంటేనే వాళ్ళ మనసు నెమ్మదిస్తుంది. అమ్మ “కాసేపు కూకోరాదా, పొద్దస్తమానం ఆ తాళ్ళేందయ్యా?” అని కసురుతుంది గాని అది ఆయనకు పనికాదు, విశ్రాంతి. ఇంకొందరు గాలం పట్టుకుని నాగులేటి ఒడ్డుకు పోతారు. చేప పడిందా లేదా అని అడగకండి.

ఇప్పుడు కష్టమైన మాటలు రాయాలి. సాయంత్రం గంటను సారా తినేసిన రోజులు మనం చూశాము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచి సారా దుకాణం మూయించిన తరువాత ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో సడలించారు. చట్టం వచ్చింది, పోయింది. ఆ మధ్యకాలంలో కూలి డబ్బు చేతిలో పెట్టుకుని నేరుగా ఇంటికి వచ్చిన భర్తలను చూసిన అక్కలు ఇంకా మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ళను అడగండి.

పేకాట సంగతి వేరు. డబ్బు లేకుండా ఆడితే తప్పేమిటని కొందరు తమ్ముళ్ళు వాదిస్తారు. ఆ వాదానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ముక్కల్లో దయ్యమేమీ కూర్చుని లేదు. కాని మిరప అమ్మిన వారంలో చావిట్లో పడే ముక్కలు డబ్బు లేకుండా పడవని మాత్రం అందరికీ తెలుసు. చావిట్లో అయితే కనీసం భార్య వచ్చి చీవాట్లు పెట్టి లేపుకుపోయేది. సెల్‌ఫోనులో రమ్మీ వచ్చాక ఆ అవకాశమూ పోయింది. మనిషి మన పక్కనే నులక మంచం మీద పడుకుని ఉంటాడు, దుప్పటి కింద కౌలు డబ్బు పోతూ ఉంటుంది. మన రాష్ట్రంలో 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. 2025లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ చట్టం చేసింది. అయినా ఫోను నాన్న చేతిలోనే ఉంది. ఆట పేరు మార్చుకుని మళ్ళీ రాదని ఎవరు హామీ ఇస్తారు? అప్పు ఎందుకయిందో చెప్పలేని పరిస్థితి తెల్లదోమ చేసిన అప్పు కంటే దారుణం. ఆ ఊబిలో దిగినవాడు ఇంట్లో ఒక్కరికైనా ఈ రాత్రే చెప్పాలి. ఇంట్లో చెప్పడానికి నోరు రాకపోతే అయ్యగారి దగ్గరికి పోవాలి. అయ్యగార్లు కూడా అతనికి ప్రసంగం చెప్పి పంపించకుండా కాగితం, కలం తీసుకుని ఎంత పోయిందో, ఎవరికి ఎంత ఇవ్వాలో కూర్చుని లెక్క రాయాలి.

నాన్న తీరిక గురించి ఇంత రాసి అమ్మ మాట ఎత్తకపోతే చెల్లెళ్ళు నన్ను క్షమించరు. మిరప కోతల్లో వంగిన నడుములు ఎక్కువ ఆడవాళ్ళవే. కారం అంటిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మండుతూనే ఉంటాయి. ఆ చేతులతో చంటిబిడ్డ మొహం తుడవడానికి తల్లి భయపడుతుంది. భర్త చెట్టు కింద మేకలు జరుపుతున్న వేళకు ఆమె పొయ్యి ఊదుతూ ఉంటుంది. అన్నలారా, చెట్టు కిందికి పోవద్దని నేననడం లేదు. పోయే ముందు నాలుగు బిందెల నీళ్ళు తెచ్చి పెట్టండి. కోతల రోజుల్లో బిడ్డకు స్నానం మీరు చేయించండి. మండని చేతులు మీవే గదా.

ఆదివారం గురించి ఒక్క మాట. కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు కూలి ఎక్కువ ఇస్తారని ఆదివారం కూడా పోతున్నారు. అవసరం అటువంటిది, నిందించను. మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులకు అన్నం తినే తీరిక కూడా లేకపోతే ప్రభువే వాళ్ళను ఏకాంత స్థలానికి తీసుకుపోయాడు. జనం అక్కడికీ వచ్చేశారు, అది వేరే సంగతి! పూర్తి రోజు దొరకకపోతే ఆరాధన అయిన తరువాత మధ్యాహ్నం మూడు గంటలైనా పిల్లలకు ఇవ్వండి.

ఏమి ఆడించాలో తెలియదనే తండ్రులకు చెబుతున్నాను. సుద్దముక్కతో వసారాలో పైన చెప్పిన పటం గీయండి. మేకలకు పదిహేను చింతపిక్కలు, పులులకు మూడు గచ్చకాయలు చాలు. చిన్నవాడికి మొదట పులులు ఇవ్వండి. రెండు మూడు ఆటలు గెలవనిచ్చాక మేకలు వాడికి ఇచ్చి, మొదటి మేకను మూలన ఎందుకు పెట్టాలో చూపించండి.