పది నిమిషాల పాతబస్తీ

పాతబస్తీ మీద షార్ట్ ఫిల్ము తీయాలంటే సరుకుల చీటీ ఒకటి సిద్ధంగా ఉంది. తెల్లవారుతుంటే చార్మినారు, ఎగిరే పావురాలు, అజాన్, ఇరానీ చాయ్, సందు చివర మాయమయ్యే నల్ల బురఖా. ఉన్నది పది నిమిషాలు, మనిషిని పరిచయం చేసే తీరిక లేదు, కాబట్టి గుర్తులతో సరిపెట్టాలంటారు. ఆఖర్లో ట్విస్టు తప్పనిసరి. బురఖా తొలగాలి, లేదా ఆ పిల్లను ముసలి షేక్‌కు కట్టబెట్టారని తెలియాలి. ఇదేమిటని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ప్రేక్షకులు ఇదే కోరుకుంటారు.

ఏ ప్రేక్షకులు? హుస్సేనీ ఆలంలోనో, యాకుత్‌పురాలోనో పనులన్నీ తెమిలాక ఫోనులో సినిమా చూసుకునే ఆడవాళ్ళు కూడా ప్రేక్షకులే. వాళ్ళేం కోరుకుంటున్నారో ఎవరూ అడగరు. ఇక్కడ ప్రేక్షకులంటే మూసీకి ఇవతల ఉండి, అవతలి స్త్రీని చూసి జాలిపడటానికి ముందే సిద్ధపడ్డవాళ్ళు.

ఈ మూస నిన్న మొన్న పుట్టింది కాదు. గల్ఫ్ డబ్బున్నవాడికి హైదరాబాదు పేదపిల్లను పెళ్ళి పేరుతో అమ్మేసిన కథను 1982లో సాగర్ సర్హదీ 'బాజార్'గా తీశాడు. 1991లో ఢిల్లీ వెళ్ళే విమానంలో వృద్ధుడైన సౌదీ భర్త పక్కన ఏడుస్తూ కనిపించిన పదేళ్ళ హైదరాబాదు పిల్ల దేశాన్ని కలవరపెట్టింది. అవి నిజాలు. దాచమని ఎవరూ అనరు. కానీ ఆ పెళ్ళిళ్ళకు ఎదురు నిలిచిన స్త్రీలు కూడా అంతే నిజం. ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ నెలకొల్పిన షాహీన్ సంస్థ పాతబస్తీలోనే ఈ పెళ్ళిళ్ళ మీద, గృహహింస మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. అలాంటి స్త్రీలు ఈ సినిమాల్లోకి ఎందుకు రారు? వస్తే ట్విస్టు చెడిపోతుంది. బయటినుంచి వచ్చి కాపాడే పాత్రకు పని ఉండదు.

విషాదం కాకపోతే హాస్యం. 2005లో వచ్చిన 'ద అంగ్రేజ్' దక్కనీ మాటకు తెర మీద చోటు తెచ్చింది, సంతోషమే. కానీ చార్మినారు దగ్గర చేరి కబుర్లాడేది మగవాళ్ళు. ఆ దారిన వచ్చిన పొట్టి హాస్యచిత్రాల్లో 'హౌ', 'నక్కో' అంటే చాలు, నవ్వు. ఆడవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే దక్కనీ మాత్రం వినపడదు.

నిడివి చాలదన్నది సాకు. 1983లో దీపా ధన్‌రాజ్ తదితరుల యుగాంతర్ బృందం హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి 'ఇది కథ మాత్రమేనా?' తీసింది. గృహహింస మీద తెలుగులో తీసిన కథాచిత్రం, సుమారు 25 నిమిషాలు. పాతబస్తీ కథ కాదు గానీ పద్ధతి చూడండి: స్త్రీలు కలిసి కూర్చుని, మాట్లాడుకుని అల్లిన కథ అది. 498ఎ సెక్షను వచ్చిందీ ఆ ఏడాదే. ఇంటి గుట్టు వినడానికి ప్రేక్షకులు తయారుగా లేరని వాళ్ళు ఊరుకుంటే ఆ సినిమా ఉండేదే కాదు. తర్వాత 1984 నాటి మతకల్లోలాల మీద దీపా ధన్‌రాజ్ తీసిన పూర్తి నిడివి డాక్యుమెంటరీ 'క్యా హువా ఇస్ షహర్ కో?' (1986)లో పాతబస్తీ వెనక కట్టిన తెర కాదు, అదే విషయం.

లాడ్ బజారు గాజులు మెరవని పాతబస్తీ షార్ట్ ఫిల్ము అరుదు. ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. లక్కను నిప్పు మీద మెత్తబరచి, ఆరకముందే గుండ్రంగా చుట్టి, ఒక్కొక్క రాయీ అద్దే చేతులకు మాత్రం తెర మీద చోటు లేదు. ఒక గాజుకు ఎన్ని రాళ్ళు, దానికి ఎంత కూలి అన్న సంభాషణ పది నిమిషాల్లో పట్టదా?

షార్ట్ ఫిల్ముల పోటీలకు న్యాయనిర్ణేతలుగా మనల్నే, సాహిత్యం చదివి స్త్రీవాదం రాసేవాళ్ళనే, పిలుస్తుంటారు. మార్కులు వేసే ముందు అడుగుదాం. బురఖాలోని మనిషికి పేరుందా? తన భాషలో ఎన్ని వాక్యాలు మాట్లాడింది? ట్విస్టు మర్నాడు ఆమె ఎలా బతికిందో తీసినవాళ్ళు ఆలోచించారా? వీటికి జవాబు లేని సినిమాకు కెమెరా పనితనం చూసి బహుమతి ఇవ్వడం మానేద్దాం. ప్రేక్షకులు మారరన్న మాట ఆ తర్వాత విందాం.